గుమ్మడికాయ, నాలుగు మంగళవారాలు

గట్టర్లో కర్పూరం చెట్టు ఆకులు తీస్తూ
ఫిబ్రవరిలో నిచ్చెన మీంచి పడ్డాను.
కట్టు విప్పాక మణికట్టు నాది కానట్టే ఉంది.
చెంచా పట్టుకుంటే పప్పు చొక్కా మీద.
ఫిజియో అమ్మాయి అంది:
పెన్సిల్ పట్టండి, ఏదైనా గుండ్రంగా గియ్యండి.

అలా వచ్చాను
టూవూంబా రైల్వే స్టేషన్ వెనక హాలుకి,
మంగళవారం నాలుగింటికి.
పదకొండు మందిమి. మధ్యలో బల్ల మీద
ఒక గుమ్మడికాయ.

డెస్మండ్ పెరట్లో కాసిందట.
ఇక్కడివాళ్లు దీన్ని నీలం అంటారు.
నా కంటికి నీలమూ కాదు,
మన తియ్య గుమ్మడీ కాదు, బూడిద గుమ్మడీ కాదు,
వాన పడబోయే ముందు రేకుల షెడ్డు రంగు.
పెన్సిల్‌తో గియ్యడానికే పుట్టిన కాయ.

మొదటి వారం సున్నా చుట్టాను.
సున్నాలో నిలువుగా ఏడు గీతలు, నెత్తిన తొడిమ.
హిల్డా నోల్ నా వెనక నిలబడి
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత అంది,
"ఇది నీకు ముందే తెలిసిన గుమ్మడికాయ.
బల్ల మీదున్న దాన్ని ఎవరు గీస్తారు?"

చూశాను.
ఏ రెండు బద్దలూ ఒక్కలా లేవు.
ఒకటి ఉబ్బి పక్కదాని మీదికి ఒరిగింది,
బస్సులో నిద్రపోయే మనిషిలాగ.
తొడిమ, ఎవరో చెవి మెలేసి వదిలినట్టు.
నేలకి ఆనిన చోట పసుపు మచ్చ,
నా పెన్సిల్లో లేని ఒకే ఒక్క రంగు.

రెండో వారం అంచు చెరపమంది.
"అంచంటూ ఏమీ లేదు.
ఒక నలుపు ఆగుతుంది, ఇంకో నలుపు మొదలవుతుంది."
పద్దెనిమిదేళ్లుగా కౌన్సిల్ సర్వే ఆఫీసులో
హద్దులు గీసి జీతం తీసుకుంటున్నవాణ్ణి,
రబ్బరు పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.
చెరిపితే పోలేదు.
కాగితంలో గాడి మిగిలింది.

అన్నిటికన్నా చీకటి ఎక్కడుందో ముందు దాన్ని పట్టుకో.
బద్దకీ బద్దకీ మధ్య లోయలో
మెత్తటి పెన్సిల్, ఒక పొర.
ఆగు. మళ్లీ ఒక పొర.
నొక్కకు, అది మిరపకాయ నూరడం కాదు
(ఈ మాట నాది, హిల్డా ఇంకేదో అంది).
చెయ్యి వణికింది.
వణికిన చోటే తొక్క గరుకు వచ్చింది.

"మెరిసే చోట ఏం వెయ్యాలి?"
"ఏమీ వెయ్యకు. కాగితానికి వదిలెయ్."

మూడో వారం నాకు దొరికింది,
నీడ వైపు అడుగున,
బల్ల చెక్క మీంచి ఎగిరొచ్చి
కాయ కడుపుకి అంటిన సన్నటి వెలుగు.
ఇన్నేళ్లూ నీడలో నీడే ఉంటుందనుకున్నాను.
పక్కన కూర్చున్న పెద్దావిడని పిలిచి చూపించాను.
ఆవిడ కళ్లజోడు మార్చుకుని చూసి
"అవును కదా" అని తన ఆపిల్ వైపు తిరిగింది.
ఐదింటికి కిటికీలో పొద్దు జారిపోయింది.
కుడివైపు మూడు బద్దలు వచ్చే వారానికి ఉంచాను.

నాలుగో మంగళవారం బల్ల ఖాళీ.
కారెక్కిస్తుంటే జారిందట,
వరండా మెట్ల మీద రెండు చెక్కలు.
డెస్మండ్ టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.
నా మణికట్టు వైపు చూసి
"పడిపోవడం నీకు తెలుసుగా" అన్నాడు.
హిల్డా డబ్బా మూత తీసింది,
వెన్న రాసిన గుమ్మడి స్కోన్లు, ఇంకా వెచ్చగా.

తిన్నాం, మోడల్ని.
తియ్యగా ఉంది. కొంచెం ఉప్పు తక్కువ.

"ఆఖరిది ఎవరు తినేశారు?" అంది హిల్డా.
చెయ్యి తెలియకుండానే నా భుజం మీదికి పోయింది.
ఎందుకలా అని అడిగారు, చెప్పాల్సి వచ్చింది:
మా భాషలో గుమ్మడికాయల దొంగ ఎవరంటే
దొంగ తన భుజాలు తడుముకుంటాడు,
కాయ మీది బూడిద అంటి ఉంటుందని.
అందరూ నవ్వారు.
నా భుజం మీద నిజంగానే
పెన్సిల్ పొడి, నాలుగు వేళ్ల గుర్తు.

నవ్వని డెస్మండ్ ఒక్కడే,
కిటికీ వైపు తిరిగి
మెల్లగా కోటు భుజం దులుపుకున్నాడు.

ఆ మూడు బద్దలు అలాగే తెల్లగా ఉన్నాయి.
ఎడమవైపుని చూసి గియ్యొచ్చు అంది హిల్డా.
గియ్యొచ్చు.